నిద్రపోతున్న రాజుకు 112 హిట్ పాయింట్లా? పోరాటం రూల్సులో నిజం ఎంత ఉండాలి?

గోదారి_గేమర్ | శనివారం, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో మా ఇంట్లోనే నెలకోసారి కూర్చుని ఆడతాం. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (డీఅండ్‌డీ) ఫిఫ్త్ ఎడిషన్, 2014 పుస్తకాలు. ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా ఆడతారు, కథ నడిపే డీఎం (డంజియన్ మాస్టర్) నేను, ఏది నెగ్గిందో పాచికలు తేలుస్తాయి. ఈసారి మార్పుగా ఉంటుందని బొబ్బిలి యుద్ధం మీద ఒక వన్‌షాట్ (ఒక్క పూటలో ముగిసే కథ) పెట్టాను. కోట పడిపోయింది, రంగారాయుడు పోయాడు. ఇక మిగిలింది తాండ్ర పాపారాయుడు రాత్రివేళ విజయనగరం రాజు విజయరామరాజు గుడారంలోకి దూరడమే. ఆ పాత్ర ఆడుతున్నవాడు లెవెల్ 5 రోగ్, అంటే చాటుగా మెసలి పొడిచే రకం. కాపలావాళ్ళను తప్పించుకోవడానికి వరసగా స్టెల్త్ రోల్స్ (కంటపడకుండా దాటాడా లేదా తేల్చే పాచికలు) వేయించాను. ఒక్కడూ నోరు మెదపలేదు, అంత టెన్షన్. అన్నీ నెగ్గుకుంటూ వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. బాకు తీశాడు.

తంటా ఇక్కడే వచ్చింది. రాజు యుద్ధంలో గట్టిగా నిలబడాలని నేను ఆయనకు మాన్‌స్టర్ మాన్యువల్‌లోని గ్లాడియేటర్ లెక్కలు ఇచ్చి ఉంచాను. 112 హిట్ పాయింట్లు, అంటే అంత దెబ్బ తగిలేదాకా పడడు. నిద్రలో ఉన్నాడు కాబట్టి క్రిట్ (అసలైన చోట తగిలిన దెబ్బ). బాకు, స్నీక్ అటాక్ (రోగ్ చాటుగా కొడితే వచ్చే అదనపు దెబ్బ), పాచికలన్నీ రెట్టింపు చేసి కలిపితే 31 వచ్చింది. ఇంకా 81 మిగిలాయి. రాజుగారు లేచి కూర్చుని "ఎవడ్రా అది?" అన్నారు. అందరూ పడీ పడీ నవ్వారు. ఆ పాత్ర ఆడుతున్నవాడు మాత్రం నవ్వలేదు. "బుర్రకథలో ఒక్క పోటుకే పోతాడన్నా, ఇక్కడ నాలుగు రౌండ్లు పొడవాలా?" అని పుస్తకం మూసేశాడు.

ఇలాంటిచోట రూలు వదిలేసి లోకజ్ఞానంతో పోవాలా? లేక రూలు రూలే అనాలా? మీ టేబుళ్ళ దగ్గర ఏం చేస్తారు?

రూల్స్_రాయుడు | శనివారం, రాత్రి 11:58

లెక్క సరిగ్గానే వేశావు తమ్ముడూ. స్పృహలో లేనివాడి మీద దాడికి అడ్వాంటేజ్ (రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకోవడం) ఉంటుంది, ఐదడుగుల లోపల నుంచి తగిలితే అది క్రిట్. లెవెల్ 5 రోగ్‌కి స్నీక్ అటాక్ 3డీ6 (ఆరు ముఖాల పాచికలు మూడు), క్రిట్‌లో 6డీ6. బాకు 2డీ4. డెక్స్టెరిటీ (చురుకుదనం) బోనస్ 4 అనుకుంటే సగటు 30. నీకు 31 వచ్చింది. ఇందులో రూలు తప్పేం లేదు.

అదే మాన్‌స్టర్ మాన్యువల్‌లో నోబుల్ (ప్రభువు) అని ఒక స్టాట్ బ్లాక్ (ఒక రకం మనిషి లెక్కలు) ఉంది, 9 హిట్ పాయింట్లు. నైట్ (గుర్రపు యోధుడు) అనేదానికి 52. రాజుకు నోబుల్ లెక్క ఇచ్చి ఉంటే అదే పోటుకు మూడుసార్లు చచ్చేవాడు. గ్లాడియేటర్ అంటే గోదాలో బతికి బట్టకట్టినవాడు. ఆ అంకె నువ్వు పెట్టిందే, ఆట పెట్టింది కాదు. సిస్టమ్ మీద నెపం వేయకండి.

కత్తిసాము | ఆదివారం, తెల్లవారుజామున 2:15

జర్మనీ నుంచి. ఇక్కడ వారాంతాల్లో పాత యూరప్ కత్తిసాము నేర్చుకుంటున్నాను, అందుకే ఈ చర్చ కనిపిస్తే ఆగలేను.

రాయుడుగారూ, స్టాట్ బ్లాక్ మార్చేస్తే అయిపోతుందా? అదే రాజు పగలు గుర్రం మీద ఎదురుపడితే? 9 పాయింట్లతో మొదటి బాణానికే పడిపోతాడు. అప్పుడు యుద్ధం సీను పోతుంది. పగలు 112, రాత్రి 9 అని రెండు షీట్లు రాసుకోవాలా?

హిట్ పాయింట్లు ఎక్కడి నుంచి వచ్చాయో చూడండి. డీఅండ్‌డీ సృష్టికర్తల్లో ఒకడైన డేవ్ ఆర్నెసన్ తన ఆటలోకి ఈ పద్ధతిని, ఆర్మర్ క్లాస్‌ని (కొట్టడం ఎంత కష్టమో చెప్పే అంకె) అమెరికా అంతర్యుద్ధం నాటి ఓడల పోరాటం రూల్సు నుంచి తెచ్చుకున్నానని చెప్పాడు. ఓడకు ఇనప తొడుగు ఎంత మందం, ఎన్ని గుండ్లు తగిలితే మునుగుతుంది అన్నది ఆ లెక్క. ఓడ విషయంలో అది చక్కగా కుదురుతుంది. మనిషి అలా కొంచెం కొంచెంగా మునగడు.

ఇది ఇంకో సృష్టికర్త గ్యారీ గైగాక్స్‌కి తెలియక కాదు. 1979 నాటి డంజియన్ మాస్టర్స్ గైడ్‌లో ఆయనే రాశాడు: పెద్ద లెవెల్ వీరుడి హిట్ పాయింట్లలో ఒంటి బలం కొంతే, మిగతాదంతా యుద్ధం చేసే నేర్పు, అదృష్టం, దైవానుగ్రహం లాంటివని. దెబ్బ చివరి క్షణంలో తప్పుకుని గీరుకుపోతుంది అన్నట్టు. సరే, ఒప్పుకుందాం. మరి గురకపెట్టి నిద్రపోతున్నవాడికి ఆ నేర్పు ఎక్కడిది? గైగాక్స్ చెప్పిన అర్థమే తీసుకున్నా, మంచం మీద ఆ 112లో ముప్పాతిక భాగం లేనట్టే లెక్క.

చిట్టిగారె | ఆదివారం, ఉదయం 8:05

బాగుంది. ఇప్పుడు దీన్ని తిప్పి చూడండి. ఏడాదిగా ఆడుతున్న నా క్లెరిక్ (పూజారి పాత్ర) అడవిలో పడుకుంది. కాపలా ఉన్నవాడి పర్సెప్షన్ (పసిగట్టే) రోల్ పోయింది. ఒక గాబ్లిన్ వచ్చి గొంతు కోసింది. "నిద్రలో నేర్పు ఉండదు కదా అమ్మా, కొత్త షీట్ తీసుకో" అంటే మీలో ఎంతమంది ఊరుకుంటారు?

నిజం కావాలని అడిగేవాళ్ళు ఎప్పుడూ శత్రువు వైపే నిజం కావాలంటారు. మా టేబుల్ దగ్గర ఇది చాలా చూశాను.

పాత_డబ్బా | ఆదివారం, ఉదయం 9:30

పాత పుస్తకాలు దుమ్ము దులిపి మరీ చూసి రాస్తున్నా. ఈ గొడవ ఒక్కో ఎడిషన్ ఒక్కోలా తీర్చింది.

1981లో వచ్చిన బేసిక్ అనే డీఅండ్‌డీ పుస్తకంలో స్లీప్ (నిద్రపుచ్చే) మంత్రం కింద నేరుగా రాసి ఉంది: నిద్రలో ఉన్నవాడిని, ఎన్ని హిట్ పాయింట్లున్నా సరే, పదునున్న ఆయుధంతో ఒక్క వేటుకు చంపొచ్చు. పాచిక కూడా అక్కర్లేదు. చిట్టిగారె గారు భయపడ్డదంతా ఆ ఆటలో మామూలే.

2000లో వచ్చిన థర్డ్ ఎడిషన్‌లో కూ డ గ్రాస్ (ఆఖరి పోటు) అని పెట్టారు. క్రిట్ దానంతటదే తగులుతుంది. దెబ్బకు చావకపోతే 10కి ఆ డామేజ్ కలిపి అంత ఫోర్టిట్యూడ్ సేవ్ (ఒంటి గట్టిదనం మీద వేసే పాచిక) నెగ్గాలి. మన రాజుకు 31 తగిలింది కాబట్టి 41 రావాలి. డీ20 (ఇరవై ముఖాల పాచిక) మీద 20 పడితే తప్ప బతకడు. అంటే 5 శాతం.

2008 ఫోర్త్ ఎడిషన్‌లో, ఆ పోటు డామేజ్ హిట్ పాయింట్లలో సగానికి చేరితే చచ్చినట్టు. 112లో సగం 56. 31 చాలదు. రాజు లేస్తాడు. ఫిఫ్త్‌లో ఆ రూలే ఎత్తేశారు.

చూస్తే కాలం గడిచేకొద్దీ నిద్రపోయేవాడికి భద్రత పెరిగింది. ఒక్కో క్యారెక్టర్ తయారు చేయడానికి గంటన్నర పట్టే రోజులొచ్చాయి మరి, అంత కష్టపడి రాసిన షీట్‌ని ఎవడు చింపుకుంటాడు? బేసిక్‌లో ఐదు నిమిషాల్లో కొత్తవాడు తయారయ్యేవాడు.

కొత్తాటగాడు | ఆదివారం, ఉదయం 10:12

కొత్తవాడిని, తిట్టకండి. హిట్ పాయింట్లే సమస్య అయితే అవి లేని ఆట ఆడొచ్చు కదా? గాయం ఎక్కడ తగిలింది, ఎంత లోతు అని చూసే ఆటలు ఉన్నాయని విన్నాను.

టేబుల్_విరక్తి | ఆదివారం, ఉదయం 11:20

ఉన్నాయి నాయనా. ఆ బాధ పడ్డవాడిని నేను, నన్ను అడుగు.

రోల్‌మాస్టర్ అని ఒకటి. దాని ఆర్మ్స్ లా పుస్తకం 1980లో వచ్చింది. నువ్వు కత్తి వేస్తావు. ముందు డీ100 (1 నుంచి 100 దాకా వచ్చే పాచిక) తిప్పు, నీ బలం కలుపు, అవతలివాడి రక్షణ తీసెయ్. ఇప్పుడు ఆ ఆయుధానికని ప్రత్యేకంగా ఉన్న పేజీ తీయి. పైన 1 నుంచి 20 దాకా కవచాల రకాలుంటాయి, అవతలివాడిది వెతుకు. అడ్డంగా నీ అంకె, నిలువుగా వాడి కవచం. అక్కడ ఒక అంకె, పక్కనే ఏ నుంచి ఈ దాకా ఒక అక్షరం ఉంటాయి. ఆ అక్షరం పట్టుకుని ఇంకో పేజీకి పో, మళ్ళీ డీ100. అప్పుడు తెలుస్తుంది మోచెయ్యి విరిగిందా, కన్ను పోయిందా అని. చదువుతుంటే భలే ఉంటుంది, ఆ గాయాల వర్ణనల కోసమే పుస్తకం కొనేవాళ్ళున్నారు. కానీ ఆరుగురు ఒకవైపు, ఎనిమిదిమంది ఓర్కులు ఇంకోవైపు ఉంటే రాత్రి భోజనాలు అయ్యేసరికి రెండో రౌండ్‌లో ఉంటాం.

దాన్ని కూడా మించింది ఫీనిక్స్ కమాండ్, 1986. తుపాకుల ఆట. తూటా ఎక్కడ తగిలింది, ఏ అవయవంలోకి ఎంత లోతు పోయింది అన్నదానికి టేబుళ్ళు (లెక్కల పట్టికలు). ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ నింపుతున్నట్టే ఉంటుంది. నిజమైన తుపాకి పోరు క్షణాల్లో అయిపోతుంది. అందులో ఉన్నవాడికి ఆలోచించే టైమే ఉండదు. ఇక్కడేమో మూడు గంటలు తాపీగా కూర్చుని, టీలు తాగుతూ, ఏ గది చాటు మంచిదని వాదించుకుంటాం. ఆ కంగారు, ఆ అయోమయం ఏ టేబుల్లోనూ లేవు. వివరాలు కరెక్టుగా ఉన్నాయి, ఆడుతున్న అనుభవం మాత్రం నిజానికి ఆమడ దూరం.

కత్తిసాము | ఆదివారం, మధ్యాహ్నం 1:45

విరక్తిగారి మాటలో న్యాయం ఉంది, కానీ వివరాలన్నీ దండగ అంటే ఒప్పుకోను. ఏ వివరం ఉంచాం అన్నదే అసలు విషయం.

ఒక ఉదాహరణ. శిక్షణలో ఫెడర్ అనే మొద్దు కత్తులతో తలపడతాం. కొత్తవాళ్ళిద్దరు ఎదురుపడితే తరచుగా జరిగేది ఏంటంటే, ఇద్దరూ ఒకేసారి కొడతారు, ఇద్దరికీ తగులుతుంది. నిజం కత్తులైతే ఇద్దరూ పోయినట్టే. మా గురువు రోజూ తిట్టేది దాని గురించే. డీఅండ్‌డీ ఫిఫ్త్ ఎడిషన్‌లో ఇది జరిగే వీలే లేదు. ఇనిషియేటివ్ (ఎవరి వంతు ముందో తేల్చే పాచిక) ప్రకారం నీ వంతు, తర్వాత నా వంతు. నువ్వు కొడుతున్నంతసేపు నేను బొమ్మలా నిలబడతాను. కత్తి పోరులో ఉన్న అతిపెద్ద భయాన్నే ఆట తీసేసింది.

1978 నాటి రూన్‌క్వెస్ట్ అనే ఆట చూడండి. దాన్ని రాసిన స్టీవ్ పెరిన్ సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం అనే మధ్యయుగ వేషాల సంఘంలో కవచాలు తొడుక్కుని తలపడినవాడు. అందుకే అందులో కవచం దెబ్బను తప్పించదు, మింగుతుంది. అడ్డుకోవడం వేరే నైపుణ్యం. దెబ్బ కాలికా, చేతికా, తలకా అన్నది పాచిక చెబుతుంది. గర్ప్స్ అనే ఇంకో ఆటలో అయితే ఒక్కో వంతు ఒక్క సెకను. 1979 నాటి ఏడీఅండ్‌డీ (అడ్వాన్స్‌డ్ డీఅండ్‌డీ)లో ఒక నిమిషం, ఇప్పుడు ఆరు సెకన్లు.

కాళ్ళ మాట వచ్చింది కాబట్టి: 1361లో గాట్లాండ్ దీవిలో వీస్బీ ఊరి బయట డేన్‌లతో జరిగిన పోరులో చనిపోయినవాళ్ళ సామూహిక సమాధులు తవ్వారు. ఎముకల మీద కత్తి గాట్లు మోకాలి కింద విపరీతంగా ఉన్నాయి. డాలు ఒంటిని కాస్తుంది, కాళ్ళు బయట ఉంటాయి. ఇంగ్లండ్‌లో 1461 టౌటన్ యుద్ధం సమాధి 1996లో బయటపడింది. అందులో ఒకడి దవడ మీద ఎప్పటిదో పెద్ద గాయం పూర్తిగా మానిపోయి ఉంది. అంత దెబ్బ తిని బతికి, మళ్ళీ యుద్ధానికి వచ్చి చచ్చాడు. కాబట్టి ఒక్క పోటుకే చావాలన్నదీ నిజం కాదు, నాలుగు రౌండ్లు పట్టాలన్నదీ కాదు.

తూర్పు_కొండలు | ఆదివారం, మధ్యాహ్నం 3:10

మాది విజయనగరం వైపు. ఆట సంగతి తర్వాత, ముందు ఒక మాట. విజయరామరాజును ఉత్త విలన్‌గా చూపించకండి. రెండు సంస్థానాల మధ్య పాత పగలు, పైన ఫ్రెంచివాళ్ళ కప్పం లెక్కలు, ఇవన్నీ ఉన్నాయి. బుర్రకథ ఎప్పుడూ బొబ్బిలి వైపు నుంచే చెబుతుంది.

ఇక రూల్సు సంగతి. 1757 జనవరి 24న కోటను కూల్చింది ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు. మీ 2014 డంజియన్ మాస్టర్స్ గైడ్‌లో ఫిరంగికి డామేజ్ 8డీ10, సగటు 44. మీ రాజుగారు 112తో రెండు ఫిరంగి గుండ్లు ఒంటి మీద తిని మూడోదానికి పడతాడన్నమాట. బాకు గురించి కొట్టుకుంటున్నారు, దీన్ని ఎవరూ అడగలేదేం?

గోదారి_గేమర్ | ఆదివారం, మధ్యాహ్నం 3:22

హహ. అడగకపోవడానికి కారణం ఉంది. కోట సీనులో ఫిరంగులకు నేను పాచికలే వేయలేదు. "ఈ బురుజు పది నిమిషాల్లో పడిపోతుంది, మీరేం చేస్తారు?" అని అడిగాను, అంతే. ఎవరికీ అన్యాయంగా అనిపించలేదు.

డల్లాస్_డీఎం | ఆదివారం, సాయంత్రం 6:50

గోదారీ, నువ్వు తెలియకుండానే ఒక పాత గొడవలో పక్షం తీసుకున్నావు. దాదాపు 150 ఏళ్ళ పాతది.

ప్రష్యా సైన్యంలో 1824లో రైస్విట్స్ అనే లెఫ్టినెంట్ క్రీగ్‌స్పీల్ అనే యుద్ధక్రీడను తయారు చేసి పెట్టాడు. మ్యాపు, సైన్యాన్ని చూపించే దిమ్మెలు, పాచికలు, ఎంత దూరం నుంచి కాలిస్తే ఎంతమంది పడతారో చెప్పే టేబుళ్ళు. అధికారులకు శిక్షణ ఇవ్వడానికి. మధ్యలో అంపైర్ ఉంటాడు. కొన్నాళ్ళకు అధికారులు ఈ టేబుళ్ళతో విసిగిపోయారు. ఆట నత్తనడక నడుస్తోంది, అనుభవమున్న అంపైర్‌కు కళ్ళముందు కనిపిస్తున్న ఫలితాన్ని కూడా టేబుల్ ఒప్పుకోనివ్వడం లేదు. 1876లో వెర్డీ డ్యు వెర్న్వా అనే సేనాని టేబుళ్ళనూ పాచికలనూ పక్కన పెట్టేశాడు, అంపైర్ అనుభవంతో తేలుస్తాడు అన్నాడు. దాన్నే ఫ్రీ క్రీగ్‌స్పీల్ అంటారు. మీరు శనివారం రాత్రి నుంచి వాదించుకుంటున్నది అచ్చం ఇదే.

ఈ అంపైర్ సంప్రదాయమే మన ఆటలకు మూలం. అమెరికా సైనికాధికారి టాటెన్ 1880లో రాసిన స్ట్రాటెగోస్ అనే యుద్ధక్రీడ పుస్తకం చదివి, డేవ్ వెస్లీ 1969లో బ్రౌన్‌స్టైన్ అనే ఆట ఆడించాడు. ఆటగాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో మనిషిగా, ఏదైనా చేస్తానని అనొచ్చు, తేల్చేది అంపైర్. ఆ గుంపులోవాడే ఆర్నెసన్. అక్కడి నుంచి 1974 డీఅండ్‌డీ.

కాబట్టి నా ఓటు: మంచం పక్కదాకా వచ్చేశాడా? రాజు చనిపోయాడు. పాచిక వద్దు.

రూల్స్_రాయుడు | ఆదివారం, రాత్రి 7:35

చరిత్ర బాగానే చెప్పారు సార్. కానీ ప్రష్యాలో అంపైర్ అంటే యుద్ధం చూసిన అధికారి. మా డీఎం మాదాపూర్‌లో జావా రాస్తాడు. వాడు కత్తి పట్టింది ఉల్లిపాయలు తరగడానికే. వాడి "లోకజ్ఞానం" అంతా సినిమా ఫైట్లది. పది అడుగుల గోడ మీద నుంచి దూకితే ఏమవుతుంది అంటే ఒకరోజు ఏమీ కాదంటాడు, ఇంకోరోజు చీలమండ విరిగిందంటాడు, వాడి మూడ్‌ని బట్టి. రూలు ప్రకారం అది 1డీ6. బాగున్నా బాగోకపోయినా నాకు ముందే తెలుసు, దూకాలా వద్దా తేల్చుకోగలను.

నాకు కావాల్సిందదే. గోడ ఎక్కే ముందు దాని ఖరీదు నాకు తెలియాలి. నిజం ఎవరి తలకాయలోదో ఆ ఒక్కడికే తెలిస్తే, మిగతా ఐదుగురం వాడి మొహం చూస్తూ ఆడాలి.

చిట్టిగారె | ఆదివారం, రాత్రి 8:00

"డీఎం మూడ్" అన్న మాటకు వంద లైకులు. మొన్నటిదాకా నేను ఆడిన ఒక గుంపులో డీఎం స్నేహితుడి క్యారెక్టర్‌కి "నిజ జీవితంలో అయితే" అన్నీ అనుకూలంగా జరిగేవి. మాకు మాత్రం పుస్తకం.

మోడరేటర్ | ఆదివారం, రాత్రి 8:10

పాత గుంపుల మీద పంచాయితీలు ఇక్కడ వద్దు. ఏ ఎడిషన్ గొప్పదన్న చర్చ వేరే ఉంది, అక్కడ కొట్టుకోండి.

కొత్తాటగాడు | ఆదివారం, రాత్రి 8:25

రాయుడుగారు అడిగే ముందస్తు లెక్కా, కత్తిసాముగారు చెప్పే భయమూ రెండూ ఉన్న ఆట ఏదైనా ఉందా?

కత్తిసాము | ఆదివారం, రాత్రి 10:40

ది రిడిల్ ఆఫ్ స్టీల్, 2002. రాసిన జేక్ నార్వుడ్ కూడా పాత కత్తిసాము నేర్చినవాడే. పోరు మొదలయ్యేటప్పుడు ఇద్దరూ ఒక పాచికను గుప్పిట్లో దాచి ఒకేసారి తెరుస్తారు. ఎరుపు అంటే దాడి, తెలుపు అంటే కాచుకోవడం. ఇద్దరిదీ ఎరుపైతే ఇద్దరూ కొట్టుకుంటారు, ఇద్దరూ చావొచ్చు. రెండు మూడు దెబ్బల్లో తేలిపోతుంది. గాయాల టేబుళ్ళు ఇందులోనూ ఉన్నాయి, కానీ ఆ గుప్పిట తెరిచే క్షణంలో గుండె దడదడలాడుతుంది. నేను శిక్షణలో చూసిన భయానికి దగ్గరగా వచ్చిన ఆట అదొక్కటే.

కానీ అందులో నన్ను కట్టిపడేసింది వేరే సంగతి. క్యారెక్టర్‌కి పగ, ప్రేమ, విధి, నమ్మకం లాంటివి షీట్ మీద రాసి ఉంటాయి. ఆ పగ కోసం పోరాడుతుంటే అదనంగా పాచికలు వస్తాయి, చాలా వస్తాయి. దారిలో తగిలిన దొంగతో కొట్టుకుంటే రావు. దాంతో ఏమవుతుందంటే, ఆటగాళ్ళు అనవసరమైన పోరుల జోలికి పోరు. ప్రాణం పోయినా పర్వాలేదు అనుకున్న చోటే కత్తి తీస్తారు. గాయాల్లో అంత కచ్చితంగా ఉన్న ఆట, అసలు బరువు మాత్రం మనిషి ఎందుకు కొడుతున్నాడన్నదాని మీద పెట్టింది. పాపారాయుడు కథకు ఇంతకన్నా కుదిరేది నాకు తెలియదు.

పాత_డబ్బా | ఆదివారం, రాత్రి 11:05

దానికి అటు చివర ఉన్న ఆట ఇన్‌టు ది ఆడ్, 2014. దాడికి తగులుతుందా లేదా అన్న రోలే లేదు. కత్తి ఎత్తావంటే తగిలినట్టే, నేరుగా డామేజ్ వేసుకో. నిజమా అంటే కాదు. కానీ తగిలితీరుతుందని తెలిశాక ఎవడూ ఎదురుగా పరిగెత్తుకుంటూ పోడు. ముందు తలుపు చాటు నుంచి చూస్తారు, ఉచ్చు వేస్తారు, బేరమాడతారు. అతి తక్కువ రూల్సున్న ఆట మనుషులను నిజమైన మనుషుల్లా భయపెట్టింది.

చిట్టిగారె | సోమవారం, ఉదయం 7:15

రాత్రి పడుకుని ఆలోచిస్తే నాకు ఇలా అనిపించింది. గోదారిగారి సెషన్‌లో పోరాటం ఎక్కడ ఉంది? కాపలావాళ్ళు, చీకటి, గుడారం తాళ్ళు, గుర్రాల సకిలింపు. అక్కడ అందరూ ఊపిరి బిగబట్టారు. గెలుపోటములు అక్కడ తేలాయి. స్టెల్త్ రోల్స్ అన్నీ నెగ్గి మంచం దగ్గరికి వచ్చాడంటే వాడు ఆ సీను గెలిచేశాడు. మళ్ళీ ఇనిషియేటివ్, ఆర్మర్ క్లాస్, డామేజ్ అంటే గెలిచినవాడిని ఇంకో పరీక్ష రాయమన్నట్టు. హిట్ పాయింట్లు తలపడే ఇద్దరి కోసం. ఇక్కడ తలపడేది ఒక్కడే.

రాయుడుగారి భయానికి మందు కూడా ఇందులోనే ఉంది. ఈ సంగతి సెషన్ మొదట్లోనే చెప్పెయ్యాలి, రెండు వైపులకూ. నిద్రలో దొరికితే ఎవరైనా పోతారు, మీరైనా సరే. అప్పుడు రాత్రి కాపలా ఎవరు ఉండాలన్నది ఉత్త లాంఛనంగా ఉండదు. నా క్లెరిక్ కూడా మంట ఎక్కడ వేయాలో, కుక్కను ఎక్కడ కట్టాలో ఆలోచిస్తుంది. చెప్పి చంపితే నాకు కోపం రాదు.

రూల్స్_రాయుడు | సోమవారం, ఉదయం 9:40

రాసి పెడితే నాకు అభ్యంతరం లేదు. కానీ ఒకటి చూసుకోండి. లెవెల్ 1 మంత్రం స్లీప్ ఉంది. దాంతో పడుకోబెట్టి గొంతు కోయడం ఇక ప్రతి సెషన్‌లో మొదలవుతుంది. ప్రతి విలన్‌నీ మంచం మీదే చంపుతారు.

పాత_డబ్బా | సోమవారం, ఉదయం 10:05

బేసిక్ రోజుల్లో అదే జరిగేది, ఎవరూ దాచుకోలేదు. కానీ అప్పుడు లెవెల్ 1లో స్లీప్ రోజుకొక్కసారి. మీ 2014 పుస్తకాల్లో ఆ మంత్రం ఎదుటివాడికి ఉన్న హిట్ పాయింట్లను బట్టి పనిచేస్తుంది, లెవెల్ 1లో 5డీ8, అంటే 40కి మించదు. 112 ఉన్న రాజు దానికి పడడు. మంత్రం నిద్ర వేరు, మామూలు నిద్ర వేరు అని రాసుకుంటే చాలు. ఇక మంచం మీద చావకూడదనుకున్న విలన్లు కాపలా పెట్టుకుంటారు, గదులు మార్చుకుంటారు, కుక్కల్ని పెంచుతారు. చరిత్రలో రాజులంతా చేసిందదే. ఆట చెడదు, మారుతుంది.

గోదారి_గేమర్ | సోమవారం, రాత్రి 9:15

అందరికీ థాంక్స్. ఇవన్నీ చదివి మా గుంపుకి వాట్సాప్‌లో పెట్టిన హౌస్ రూలు (మా టేబుల్ సొంత రూలు) ఇది, కత్తెర వేయదలుచుకుంటే వేయండి:

"మామూలు నిద్రలో ఉన్నవాడిని, కట్టేసి ఉన్నవాడిని, ఎదురు తిరగలేని స్థితిలో ఉన్నవాడిని ఎవరైనా పదునైన ఆయుధంతో చేరుకుంటే పాచిక లేదు, చనిపోయినట్టే. దగ్గరికి చేరడానికి మాత్రం కనీసం మూడు రోల్స్. ఒకటి పోతే అనుమానం, రెండు పోతే కేకలు. చంపాక బయటపడటానికి వేరే రోల్స్. ఇది మీకూ వర్తిస్తుంది. మంత్రం నిద్రకు పుస్తకంలో రూలే."

పాపారాయుడు ఆడేవాడు చదివి బొటనవేలు గుర్తు పెట్టాడు, మళ్ళీ ఆ సీను నుంచే ఆడదామన్నాడు. తూర్పు_కొండలు గారూ, విజయరామరాజు వైపు నుంచి కూడా ఒక క్యారెక్టర్ పెడుతున్నాను, గుడారం కాపలాదారు. అది మా చెల్లెలు ఆడుతుంది. ఆ రోల్స్‌కి ఎదురు రోల్స్ తనే వేస్తుంది.

రూల్స్_రాయుడు | సోమవారం, రాత్రి 9:28

"ఎదురు తిరగలేని స్థితి" అంటే? తాగి పడిపోయినవాడు? గుర్రం మీద కునుకు తీస్తున్నవాడు? బురదలో మోకాళ్ళదాకా కూరుకుపోయినవాడు?

గోదారి_గేమర్ | సోమవారం, రాత్రి 9:31

తాగి పడిపోతే అవును. గుర్రం మీద కాదు, గుర్రం లేపుతుంది. బురదలోవాడి చేతిలో కత్తి ఉంది కాబట్టి కాదు, పోరాటమే, నీకు అడ్వాంటేజ్.

రూల్స్_రాయుడు | సోమవారం, రాత్రి 9:33

ఆ మూడూ కూడా కింద రాసి పెట్టు. సీటు ఖాళీ ఉంటే చెప్పు, వస్తాను.